పాఠముగా వచ్చిన నవల

మన ఇండ్లలోనికి నవలలు రెండు దారుల ప్రవేశించుచుండును. ఇంటివారు తమకై తాము కొని తెచ్చుకొన్నవి, లేదా గ్రంథాలయము నుండి ఎరవు తెచ్చుకొన్నవి ఒక తరగతి. పిల్లల పుస్తకాల సంచిలో పాఠశాల నుండి వచ్చునవి రెండవ తరగతి. మొదటి తరగతి పుస్తకమును ఇంటిలోని వారందరును వంతులు వేసికొని చదువుదురు. ఇక దీపమార్పి పండుకొమ్మని పెద్దలు కేకలు వేయువరకు చదువుదురు. రెండవ తరగతి పుస్తకమునకు అట్ట వేసి, పేరు వ్రాసి, పరీక్షలు దగ్గర పడువరకు అలమారలో నుంచుదురు. విచిత్రమేమనగా, అనేక పర్యాయములు ఈ రెండును ఒకే పుస్తకము. ఒక దారిని వచ్చినప్పుడు తీయనైన కథ మరియొక దారిని వచ్చినప్పుడు చేదగుటకు కారణమేమి? ఈ ప్రసంగములో మేము విచారింపదలచిన విషయమిదియే.

బడులలోను కళాశాలలలోను భాషను బోధించుటకు రెండు విధములైన పుస్తకములను నిర్ణయించుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. ప్రతి పదమునకు అర్థము చెప్పి, వ్యాకరణము విడదీసి, పంక్తి పంక్తియు బోధించునది వాచకము. విద్యార్థి తనంత తాను చదువుకొనవలసినది ఉపవాచకము. మన ప్రాంతపు విద్యార్థులు దీనిని ‘నాన్-డిటెయిల్’ అని పిలుచుట వాడుక. ఈ ఏర్పాటు చేసిన వారి ఉద్దేశము చాల మంచిది. వాచకము చదువునప్పుడు బిడ్డ ఉపాధ్యాయుని వ్రేలు పట్టుకొని నడచును. ఉపవాచకము చదువునప్పుడు ఆ వ్రేలు విడిచి, కథ వెంట స్వయముగా నడువవలెను. అందుకు నవల కంటె అనువైనది వేరొకటి లేదు. తరువాత ఏమి జరుగునో అను కుతూహలమే పిల్లవానిని ముందునకు తీసికొనిపోవును.

అయితే ఉపవాచకము వెనుక కూడ పరీక్ష యొకటి పొంచి యున్నది. ‘కథానాయకుని శీలమును వర్ణింపుము’, ‘ఈ నవల వలన నీవు గ్రహించిన నీతి యేమి?’ అను ప్రశ్నలు వచ్చును. వానికి సిద్ధమైన జవాబులు గైడులలో దొరకును. ఈ కాలమున చేతిలోని ఫోనులో కూడ క్షణములో దొరకుచున్నవి. పిల్లవాడు నవల తెరువకయే ‘ఈ నవల నాకు మిక్కిలి నచ్చినది’ అని వ్రాసి మార్కులు తెచ్చుకొనును. ఆ వాక్యము వ్రాసిన చేతికిని, వాని మనస్సునకును ఎట్టి సంబంధమును లేదు. ఇందులో నష్టమేమియని కొందరడుగవచ్చును. మార్కులకు నష్టము లేదు. కాని తనకు కలుగని అభిప్రాయమును తనదిగా వ్రాయుట పదునాలుగేండ్ల ప్రాయముననే అలవడినచో, పెద్దయైన పిదప ఏ విషయమునందైనను తాను నిజముగా ఏమి తలంచుచున్నాడో తెలిసికొను శక్తి సన్నగిల్లును. సాహిత్య బోధనలో జరుగగల నష్టములలో ఇది పెద్దదని మేము తలంతుము.

నవల చదివినవానికి కలిగిన స్వంత అనుభూతి పరీక్షకు అక్కరలేని అదనపు సరకు కాదు. నవలలు పుట్టినదియు, పెరిగినదియు దాని వలననే. తెలుగు నవల చరిత్ర ఇందుకు చక్కని సాక్ష్యము.

ఇంగ్లీషు చదువులు మన దేశమున వ్యాపించిన కాలములో విద్యార్థులు విరివిగా చదివిన కథలలో ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఒకటి. ఒక పల్లెటూరి మతగురువు సంపద పోగొట్టుకొని, భార్యాబిడ్డలతో అష్టకష్టములు పడి, తుదకు సుఖపడిన వృత్తాంతమది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు దానిని తెనిగింపబూని, కొంత సాగించి, ఆ ప్రయత్నము విడిచిపెట్టినారు. పిమ్మట స్వతంత్రముగా ‘రాజశేఖర చరిత్రము’ రచించినారు. అది 1878లో వివేకవర్ధని పత్రికలో వెలువడ నారంభించి, 1880లో పుస్తకరూపము దాల్చినది. తెలుగులో తొలి నవల ఏది యను విషయమున వాదములున్నను, తరువాతి నవలాకారులకు దారి చూపినది ఇదియే యనుటకు సందేహము లేదు.

పంతులు గారు అనువాదమును విడిచిపెట్టుటలో మనము గమనింపదగిన విషయమున్నది. ఇంగ్లీషు మతగురువు కష్టములు చదివినప్పుడు వారికి తమ చుట్టునున్న తెలుగు గృహస్థులు కనబడినారు. గోదావరి తీరమున ఉన్నంతలో సుఖముగా జీవించుచు, ముఖస్తుతి చేయువారిని నమ్మి ధనము కరిగించుకొన్న పెద్దమనుష్యుడు, బంగారము చేసి యిత్తునని చెప్పి ఉన్న బంగారమును ఎత్తుకొని పోయిన బైరాగి, జాతకములు, శకునములు, వీని చుట్టు తిరుగు సంసారములు వారి కథలోనికి వచ్చి చేరినవి. అన్యదేశపు పుస్తకము చదివి ‘ఇట్టివారు మా ఊరిలో కూడ కలరు’ అని అనుకొనుట పాఠకుని మొదటి స్పందనము. ‘కాని మా ఊరివారి సంగతి కొంత వేరు’ అని అనుకొనుట రెండవది. ఈ రెండు మాటల నడుమనే మన నవల పుట్టినది. 1887లో ఆ నవల ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేరుతో ఇంగ్లీషులోనికి పోయినది. స్వదేశమున అందరును దానిని మెచ్చుకొనలేదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు దానిపై దీర్ఘమైన విమర్శ వ్రాసినారు. అదియును పాఠకుని స్పందనమే. పుస్తకమును నిజముగా చదివినవారే దానితో తగవుపడగలరు.

తగవుపడుటకు కూడ ఒక పద్ధతి కలదు. దానిని నేర్పినవారిలో అగ్రగణ్యులు మన చిత్తూరి వారే. చిత్తూరు నంటియున్న కట్టమంచిలో 1880లో జన్మించిన కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పేరు గాంచిన సంగతి అందరకును తెలిసినదే. 1914లో వెలువడిన వారి ‘కవిత్వతత్త్వ విచారము’ ముఖ్యముగా పింగళి సూరన కావ్యములను గూర్చినది. పదునారవ శతాబ్దిలో సూరన రచించిన కళాపూర్ణోదయము పద్యకావ్యమే యైనను, కథలో కథ చేరి, చిక్కుముడులు పడి, అవి విడివడుచు పోవు తీరును బట్టి దానిని పద్యములలోని నవల యని పలువురు చెప్పుచుందురు. పూర్వము పండితులు కావ్యమును అలంకారశాస్త్రపు కొలతలతో కొలుచుచుండిరి. రెడ్డిగారు అడిగిన ప్రశ్నలు వేరు. కథ సరిగా అల్లుకొన్నదా? పాత్రలు ప్రాణమున్న మనుష్యులవలె మెలగుచున్నవా? కవి భావనాశక్తి ఎంతటిది? నచ్చినదానిని నచ్చినదనియు, నచ్చనిదానిని నచ్చలేదనియు చెప్పి, ప్రతిదానికిని కారణము చూపినారు. సంప్రదాయ పండితులు దీని నంగీకరింపలేదు. వాదోపవాదములు చెలరేగినవి. నేటి పాఠకుడు రెడ్డిగారి తీర్పులన్నిటితోను ఏకీభవింపనక్కరలేదు. నేర్చుకొనవలసినది తీర్పు నిచ్చిన విధానమును. ‘నాకు నచ్చలేదు’ అనుటతో వారు ఆగలేదు. ‘ఏల?’ అని తమ్ము తామే ప్రశ్నించుకొని, జవాబు కొరకు మరల గ్రంథములోనికే పోయినారు.

విద్యార్థి మనస్సున కలుగు స్పందనమునకు ఇంత బలమున్నదా యని శంకించువారికి ‘మాలపల్లి’ చరిత్రము చెప్పవలెను. ఈ నవలకు మన ప్రాంతముతో చుట్టరికమున్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము చిత్తూరు, తిరుపతి, రాయవేలూరు మూడును ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివే. ఆ రాయవేలూరు కారాగారములో, సహాయనిరాకరణోద్యమ కాలమున బందీగా నుండి, గుంటూరు సీమకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఈ నవల వ్రాసినారు. 1922లో అది అచ్చైనది. మంగళాపురమను గ్రామములో హరిజన కుటుంబీకుడైన రామదాసు, అతని బిడ్డలు, వారికి భూస్వాములతో వచ్చిన సంఘర్షణము ఇందలి కథావస్తువు. కూలివారి పక్షమున నిలిచిన సంగదాసు భూస్వామి చేతి దెబ్బకు ప్రాణములు కోల్పోవును. అతని సోదరుడు వెంకటదాసు తిరుగుబాటుదారుడై ధనికులను దోచి పేదలకు పంచును. తండ్రి రామదాసు మాత్రము తత్త్వములు పాడుకొనుచు, ఎన్ని కష్టములు వచ్చినను సహనము విడువడు.

1923లో మద్రాసు ప్రభుత్వము ఈ గ్రంథమును నిషేధించినది. 1928లో ఆ నిషేధము తొలగినది. కొన్ని మార్పులతో 1935లో మరల అచ్చైనది. అంతట ఆంధ్ర విశ్వవిద్యాలయము దీనిని తెలుగు పాఠ్యగ్రంథముగా ఎంపిక చేసినది. 1936లో ప్రభుత్వము మరల ఉత్తర్వు చేసి, గ్రంథప్రచారమును, పాఠ్యముగా బోధించుటను నిషేధించినది. 1937లో చక్రవర్తి రాజగోపాలాచారి గారి మంత్రివర్గము ఏర్పడిన పిమ్మట ఈ నిషేధములు తొలగినవి.

ఒక్క విషయము ఆలోచింపుడు. పుస్తకము ఇంటిలో చదువుకొనుట వేరు, తరగతిగదిలో చదువుట వేరు అని ఆనాటి ప్రభుత్వము గ్రహించినది. ఇంటిలో ఒక్కరు చదివి ఊరకుందురు. తరగతిలో నలుబదిమంది ఒకే కథను ఒకే వారము చదువుదురు. చదివినదానిని గూర్చి మాటలాడుకొందురు. ఒకే బల్లపై ప్రక్క ప్రక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు పొలము గల ఇంటినుండి, మరియొకరు ఆ పొలమునకు కూలికి పోవు ఇంటినుండి వచ్చినవారు కావచ్చును. సంగదాసు మరణఘట్టము చదివినప్పుడు ఆ ఇద్దరి మనస్సులలో కలుగునది ఒకటి కాదు. మొదటివానికి తన ఇంటి పెద్దలు గుర్తునకు వచ్చి సిగ్గో, కోపమో కలుగవచ్చును. రెండవవానికి తన తండ్రి గుర్తునకు వచ్చి కంఠము పూడుకొని పోవచ్చును. రామదాసు సహనము ఒకనికి మహాత్మ్యముగా తోచును, మరియొకనికి అదియే భరింపరానిదిగా తోచును. అయినను పరీక్షలో ఇద్దరును ‘సంగదాసు ఉదారస్వభావుడు, త్యాగశీలి’ అని అక్షరము తేడా లేకుండ ఒకే జవాబు వ్రాసినచో, ప్రభుత్వపు నిషేధము చేయలేని పనిని గైడు పుస్తకము చేసినదనవలెను.

మన సీమలోని పిల్లలకు పాఠ్యనవల చదువునప్పుడు ఎదురగు చిక్కు మరియొకటి కలదు. అది భాష. పేరుపొందిన పాత తెలుగు నవలలలో ఎక్కువ భాగము గోదావరి, కృష్ణా, గుంటూరు మండలముల జీవనమును, పలుకుబడిని చూపునవి. అందులో రైతు నాగలి కట్టును. మన పిల్లవాని ఇంటిలో ఉన్నది మడక. అందులో వేరుశెనగ పండును, మన చేనిలో పండునది చెనిక్కాయ. అచ్చట బొబ్బర్లు, ఇచ్చట అలసందలు. పుస్తకములో వరి అన్నము వడ్డించిన ఘట్టమును సంగటి తిని బడికి వచ్చిన పిల్లవాడు చదువును. ఇవి చిన్న మాటలే. కాని పుస్తకములోని లోకము తనది కాదని, తన ఇంటిమాట పుస్తకమునకు తగదని ఆ పసిమనస్సు తనలో తాను తీర్మానించుకొనుట చిన్న సంగతి కాదు. ఇక ఇంటిలో తమిళము కలిసిన తెలుగు మాటలాడు సరిహద్దు గ్రామముల వారి మాట చెప్పనక్కరలేదు.

ఈ దూరమును తగ్గించిన రచయితలు మనలోనే పుట్టినారు. బడిపంతులుగా పనిచేయుచు దామలచెరువు నుండి కథలు వ్రాసిన మధురాంతకం రాజారాం గారు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందుకొన్నారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు చిత్తూరు పల్లెమాటను ఉన్నది ఉన్నట్లుగా అచ్చులోనికి తెచ్చినారు. చిత్తూరు జిల్లాలో 1946లో జన్మించి, వైద్యులై, డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు సేవచేసి, 2015లో దివంగతులైన డాక్టరు కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ అను చిన్న నవలను ఇచ్చట ప్రత్యేకముగా పేర్కొనవలెను. మందనుండి తప్పిపోయిన చూలుపందిని వెదకుచు ఒక ముసలివాడు అడవిలోనికి పోవును. ఆ రాత్రి అతడు పడిన పోరాటమే కథ.

ఈ కథ చదివినవారు ఎర్నెస్ట్ హెమింగ్వే 1952లో ప్రకటించిన ‘ఓల్డ్ మాన్ అండ్ ది సీ’ని జ్ఞప్తికి తెచ్చుకొనుట పరిపాటి. అచ్చట క్యూబా సముద్రము, ముసలి జాలరి, పెద్ద చేప. ఇచ్చట మన అడవి, ముసలి పందులకాపరి, ఒక పంది. ఇంగ్లీషు పాఠముగా హెమింగ్వే నవలను చదువుచు, పెద్ద చేప సంగతి తనకేల యని విసుగుకొను విద్యార్థికి ముందుగా కేశవరెడ్డి గారి పుస్తకము చేతికిచ్చి చూడుడు. పిమ్మట సముద్రము కూడ వానికి పరాయిది కాదు. ఈ వరుసను తలక్రిందులు చేసినను ఫలము కలుగును. సముద్రపు కథను చదివినవాడు తన ఊరి కాపరిని కొత్త కన్నులతో చూచును. ఏ దేశపు గొప్ప నవలయైనను చదువరి ఊరి మీదుగానే వాని మనస్సులోనికి పోవలెను.

స్పందనము కాలముతో మారుననుట కూడ పిల్లలకు చెప్పవలసిన విషయము. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘గణపతి’ 1920 నాటి నవల. చిన్నతనమున చదివినవారు గణపతి అల్లరికి, మూర్ఖత్వమునకు కడుపుబ్బ నవ్వుదురు. ఆ పుస్తకమునే నలుబదియేండ్ల వయసున చదివినచో, ఆ కొడుకు చేత బాధలు పడిన తల్లి మీద దృష్టి నిలుచును. వెనుక నవ్విన పుటలోనే ఇప్పుడు నవ్వు ఆగిపోవును. పుస్తకము మారలేదు, చదువువారు మారినారు. మొదటి నవ్వు తప్పు కాదు, తరువాతి బాధ మాత్రమే ఒప్పు కాదు. రెండును ఆ పుస్తకములో ఉన్నవే. కావున పదునైదేండ్ల పిల్లవాడు ‘ఈ నవల నాకు విసుగు పుట్టించినది’ అన్నచో ఇంటిలోనివారు నొచ్చుకొనవలసిన పని లేదు. అది ఈనాటి మాట. నిజాయితీగా చెప్పినచో, పదియేండ్లకు మరల తెరచి చూచుటకు దారి మిగిలియుండును. నచ్చినదని బొంకినచో ఆ దారి కూడ మూసికొనిపోవును.

అయితే తోచినదెల్ల సరియేనా యని ఉపాధ్యాయులు అడుగుదురు. అడుగుట న్యాయమే. అరువది జవాబు పత్రములు ముందు పెట్టుకొన్నవారు అనుభూతికి మార్కులు వేయలేరు. వేయరాదు కూడ. కాని అనుభూతికి చూపిన ఆధారమునకు వేయవచ్చును. ‘వెంకటదాసు చేసినది తప్పు’ అని ఒకరు, ‘ఒప్పు’ అని మరియొకరు వ్రాసినచో, నవలలోని ఏ ఘట్టము తమ్ము అట్లనిపించినదో ఇద్దరును చూపవలెను. కథలో లేనిదానిని ఉన్నట్లు చెప్పినచో అది స్పందనము కాదు, చదువకపోవుట. కథలో ఉన్నదానిని చూపి ఉపాధ్యాయునితో విభేదించినచో అంతకంటె మంచి జవాబు వేరొకటి లేదు.

ఇక ఇంటివారు చేయదగినది కొంత కలదు. దీనికి పాండిత్యము అక్కరలేదు. ఉపవాచకము ఇంటికి వచ్చిన వారములోనే, గైడు రాకముందే, దానిని కథగా ఒకసారి చదువనిండు. రాత్రి భోజనములైన పిదప పావుగంట బిగ్గరగా చదివించి ఇంటిల్లిపాది వినినను మంచిదే. సంక్షిప్తము చేసిన పుస్తకమైనచో, మూలగ్రంథమును గ్రంథాలయము నుండి తెచ్చి, విడిచిన ఘట్టములలో ఒకటి చదువుడు. నీతి యేమని అడుగకుడు. ఏ పుట దగ్గర ఆగినావు, ఎవరి మీద కోపము వచ్చినది, నీవైనచో అచ్చట ఏమి చేసియుందువు అని అడుగుడు. అక్షరములు రాని అవ్వ యైనను ‘ఏం నాయనా, ఆ కతలో నీకు ఎవురి మింద జాలి కలిగె?’ అని అడుగగలదు. పాఠశాలలో ఎవరును అడుగని మంచి ప్రశ్న అది. బిడ్డ చెప్పిన జవాబును దిద్దకుడు. ‘అది పుస్తకములో ఎచ్చటనున్నది, చదివి వినిపింపుము’ అని మాత్రమనుడు. వాడు పుటలు త్రిప్పి వెదకును. వెదకుటలో తాను చెప్పినది కొంత మార్చుకొనును. విమర్శ యను పెద్దమాటకు అర్థమంతయు ఆ వెదకుటలోనే కలదు.

ఈ విషయమున రేడియోకు కూడ కొంత పని యున్నది. నవలలను నాటకములుగా మార్చి వినిపించుట, ధారావాహికముగా చదివి వినిపించుట ఆకాశవాణికి పాత అలవాటు. పుటలో మూగగా కనబడిన పాత్ర గొంతు విప్పి మాటలాడగానే పిల్లలకు ప్రాణము లేచివచ్చును. అయినను మేము వినిపించు గొంతు మా నటుని ఊహ. వినిన పిమ్మట పుస్తకము తెరచి, తమ మనస్సులో వినబడు గొంతు అదియేనా యని శ్రోతలు పోల్చి చూచుకొనవలెను. కానిచో మా ప్రసారము కూడ మరియొక గైడు పుస్తకముగా మారగలదు.

వేసవి సెలవులు ముగిసి బడులు తెరచునప్పుడు ఎన్నియో ఇండ్లకు కొత్త ఉపవాచకములు వచ్చును. అట్ట వేయుటకు ముందు ఇంటిలోని పెద్దలలో ఒకరైనను దానిని తెరచి మొదటి ప్రకరణము చదువవలెనని మా కోరిక. పెద్దలు తమ బడిదినములలో ఆ నవలనే చదివియున్నచో, అప్పుడు తమకు ఏమి తోచినదో, ఇప్పుడేమి తోచుచున్నదో బిడ్డకు దాపరికము లేకుండ చెప్పవలెను. నచ్చలేదని చెప్పినను తప్పు లేదు. ఏల నచ్చలేదో చెప్పుటకు ఇద్దరును కలిసి మరల ఆ పుటలు తిరుగవేయుదురుగాక.